డిక్కీ దగ్గర 11.2 వోల్టులు: ఒక కారు ఆంప్ వైరింగ్‌ను మళ్ళీ మొదటినుంచి గీసిన కేసు

మే నెల రెండో వారం. రోహిణి కార్తె ఇంకా రాలేదు గానీ, విజయవాడ ఆటోనగర్‌లో మా రేకుల షెడ్డు కింద మధ్యాహ్నం పానా పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటోంది. పోరంకి నుంచి ఒక కుర్రాడు కారు తెచ్చాడు. ముప్ఫై ఏళ్ళుంటాయి. మందుల సరఫరా పని మీద రోజూ గుంటూరు, తెనాలి తిరుగుతాడు. పదేళ్ళ నాటి డీజిల్ సెడాన్, వాళ్ళ నాన్నగారు వాడి ఇచ్చింది. రోజుకు మూడు నాలుగు గంటలు అందులోనే గడుస్తాయి గనక పాటల మీద కాస్త డబ్బు పెట్టాడు. నాలుగు డోర్ స్పీకర్లకు ఒక్కోదానికి 60 వాట్ల చొప్పున ఇచ్చే ఫోర్ చానల్ ఆంప్ (యాంప్లిఫయర్), డిక్కీలో 12 అంగుళాల సబ్ వూఫర్, దానికి 500 వాట్ల మోనో ఆంప్. అన్నీ ఆర్‌ఎంఎస్ లెక్కలే, అంటే నికరంగా ఇచ్చే వాట్లు. సరుకు మంచిదే కొన్నాడు. బిగించింది మాత్రం వేరే చోట.

"బాబాయ్, సబ్ ఆంప్ పోయినట్టుంది. దాన్ని తీసేసి ఇంకోటి పెట్టెయ్యండి" అన్నాడు, బండి దిగకుండానే.

అడిగితే మూడు కష్టాలు చెప్పాడు. బేస్ గట్టిగా పడినప్పుడు ఆంప్ మీద ఎర్ర లైటు వెలిగి ఆగిపోతుంది, కాసేపటికి మళ్ళీ వస్తుంది. రాత్రిపూట డప్పు దెబ్బకొకసారి హెడ్‌లైట్లు మసకబారతాయి. పాట ఆపినా స్పీకర్లలో సన్నగా కూత వినిపిస్తుంది, ఎక్సలేటర్ తొక్కేకొద్దీ ఆ కూత పైకి లేస్తుంది.

ఎర్ర లైటు అంటే ప్రొటెక్షన్. ఆంప్ తనను తాను కాపాడుకుంటోందని అర్థం. కాపాడుకోగలుగుతోందంటే చాలావరకు బతికే ఉందన్నమాట. అందుకే ఆంప్ జోలికి పోలేదు, మీటర్ తీశాను.

ఇక్కడో మాట. ఇళ్ళలో కరెంటు పని చేసేవాళ్ళ దగ్గరుండే మామూలు క్లాంప్ మీటర్ (వైరును చుట్టి పట్టి కరెంటు కొలిచేది) ఏసీ కరెంటునే చదువుతుంది, కారులో దానితో పని జరగదు. బ్యాటరీ ఇచ్చే డీసీ కూడా చదివే క్లాంప్ కావాలి. ఖరీదు ఎక్కువే, కానీ అది లేకుండా కారు ఆంప్ పని ఒప్పుకోవడం అంటే నాడి చూడకుండా మందు ఇవ్వడమే.

ఇంజన్ ఆన్ చేసి, ఫోన్లోంచి 50 హెర్ట్జ్ టోను పెట్టాం. ఒక్కో విడత పది సెకన్లే, ఎందుకంటే అలాంటి టోను ఏకధాటిగా వేస్తే సబ్ కాయిల్ కాలిపోవచ్చు. క్లాంప్‌లో 47 ఆంపియర్లు. అదే క్షణంలో బ్యాటరీ మీద 13.3 వోల్టులు. డిక్కీలో ఆంప్ టెర్మినళ్ళ మీద 11.2.

అంటే 2.1 వోల్టులు దారిలోనే పోయాయి. 47తో గుణిస్తే దాదాపు 100 వాట్లు. పాతకాలపు పెద్ద బల్బు ఒకటి కారు మ్యాటు కింద వెలుగుతున్నంత వేడి అది. కుర్రాణ్ణి పిలిచి ఫ్యూజ్ హోల్డర్ మీద చెయ్యి పెట్టమన్నాను. పెట్టి వెంటనే తీసేశాడు.

ఇలాంటి ఆంపుల్లో చాలావాటికి లోపలి సప్లై స్థిరంగా ఉండదు. బయట వోల్టేజి తగ్గితే అవుట్‌పుట్ కూడా తగ్గుతుంది, అదీ వోల్టేజి వర్గం (స్క్వేర్) లెక్కన. 11.2 దగ్గర ఆ ఆంప్‌కు మిగిలే సత్తువ 13.3 దగ్గర ఉండేదానిలో 70 శాతం. బేస్ చాలడం లేదని ఈ కుర్రాడు ఆంప్ మీద గెయిన్ (సిగ్నల్‌ను ఎంత పెంచాలో చెప్పే నాబ్) పెంచాడు. గెయిన్ పెరిగేసరికి సిగ్నల్ కొసలు తెగి, కరెంటు ఇంకా లాగి, వోల్టేజి ఇంకా పడి, ఆంప్ దండం పెట్టి ఆగిపోతోంది.

ఆ 2.1 ఎక్కడెక్కడ పోయిందో విడదీశాను. ఇది తేలికే. మీటర్ ఒక కొస వైరు ఈ చివర, రెండో కొస ఆ చివర పెట్టి టోను వేస్తే ఆ ముక్కలో ఎంత పోతోందో నేరుగా కనిపిస్తుంది. పాజిటివ్ వైరులో 1.2. ఫ్యూజ్ హోల్డర్లో 0.2. మిగిలిన 0.7 ఎర్తులో, అంటే ఆంప్ నెగటివ్ నుంచి తిరిగి బ్యాటరీ నెగటివ్ దాకా.

వైరు మీద '8 గేజ్' అని ముద్ర ఉంది. అట్టపెట్టె మీద '1500 వాట్ల కిట్' అని ఉందట. 1500 వాట్లంటే 13.8 వోల్టుల దగ్గర 109 ఆంపియర్లు. చివర కోసి చూశాను. పైన వేలంత లావు రబ్బరు, లోపల సన్నటి తీగలు. బ్లేడుతో ఒక తీగ గీకితే ఎర్రటి పూత పోయి తెల్లటి లోహం బయటపడింది. రాగి పూసిన అల్యూమినియం. అంతే మందం రాగితో పోలిస్తే దీనికి నిరోధం ఒకటిన్నర రెట్లు ఉంటుంది. అసలైన 8 గేజ్ రాగి మీటరుకు 2 మిల్లీ ఓములు, పూత రకమైతే 3.2 దాకా. మా కొలత ప్రకారం ఇది మీటరుకు 4.9 వచ్చింది. అంటే 8 అని ముద్ర కొట్టిన 10 గేజ్. గేజుల్లో అంకె పెరిగేకొద్దీ వైరు సన్నబడుతుంది, ఈ తిరకాసు దగ్గరే కొనేవాళ్ళు మోసపోతారు.

అంతకన్నా భయపెట్టింది ఫ్యూజ్ ఉన్న చోటు. డిక్కీలో, ఆంప్ పక్కన పెట్టారు. బ్యాటరీ నుంచి అక్కడిదాకా ఐదు మీటర్ల పైన వైరుకు ఏ కాపలా లేదు. ఫ్యూజ్ ఆంప్‌ను కాపాడటానికి కాదు, ఆంప్‌కు దాని ఫ్యూజులు దానికే ఉంటాయి. బ్యాటరీ దగ్గర పెట్టే ఫ్యూజ్ వైరు కోసం. బానెట్ కింద రేకు అంచుకు రాసుకుని ఆ వైరు బాడీకి తగిలితే వందల ఆంపియర్లు పారతాయి. మ్యాటు అంటుకోవడానికి నిమిషం పట్టదు. పైగా ఇతని వైరు ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య రేకులో గ్రోమెట్ రబ్బరు లేకుండా, ఉత్త రంధ్రంలోంచి దూరి ఉంది.

"బాబాయ్, సంవత్సరం నుంచీ ఇలాగే తిరుగుతున్నానా?" అన్నాడు. అవునన్నాను. బిగించినవాళ్ళెవరో చెప్పబోయాడు, వద్దన్నాను. నాకా పేరు అక్కర్లేదు.

కాగితం మీద

పని ఒప్పుకున్నాను గానీ ఆ రోజు ఒక్క స్క్రూ విప్పలేదు. పాత క్యాలెండర్ కాగితం వెనక లెక్క వేశాం. మా దగ్గర పనిచేసే పిల్లాడికి ఈ భాగం విసుగు, "గురువుగారూ, లావు వైరు లాగేస్తే పోలా?" అంటాడు. ఎంత లావు, ఎక్కడి నుంచి, ఎక్కడ ఆపాలి అన్నవి తేలకుండా లాగితే లావు వైరు కూడా దండగే.

నేను పెట్టుకునే హద్దు అర వోల్టు. రెండు ఆంపులూ పూర్తి లోడులో ఉన్నప్పుడు, వెళ్ళే దారీ తిరిగొచ్చే దారీ కలిపి, బ్యాటరీకీ ఆంప్‌కీ మధ్య అర వోల్టుకు మించి పోకూడదు. మిగతా లెక్కంతా ఈ హద్దు నుంచి వెనక్కి నడుస్తుంది.

ముందు కరెంటు. మోనో ఆంప్ క్లాస్ డి, లోపలికి వెళ్ళినదాంట్లో 80 శాతం స్పీకరుకు ఇస్తుంది. 500 వాట్లు ఇవ్వాలంటే 625 తినాలి, 13.8 వోల్టుల దగ్గర అది 45 ఆంపియర్లు. టోనుతో మేం చూసిన 47 దీనికి దగ్గరే. ఫోర్ చానల్ ఆంప్ పాతరకం క్లాస్ ఏబీ. 240 వాట్లకు సగం పైన కాస్త సామర్థ్యం అనుకుంటే 32 ఆంపియర్లు. మొత్తం 77. పాటల్లో ఇది క్షణకాలం మాత్రమే, సగటున మూడో వంతు లాగుతుందేమో. కానీ ఎర్ర లైటు వెలిగేది ఆ క్షణంలోనే గనక లెక్క 77కే వేశాను.

తర్వాత, ఆ కరెంటు అసలు ఉందా? ఇంజన్‌తో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ మీద 90 ఆంపియర్లని ఉంది. ఆ అంకె ఇంజన్ బాగా తిరుగుతున్నప్పటిది. వేడెక్కిన ఇంజన్ ఐడిల్‌లో ఉన్నప్పుడు సగమో, కాస్త పైనో వస్తుంది. ఏసీ ఫుల్, బ్లోయర్ ఫుల్, హెడ్‌లైట్లు, రేడియేటర్ ఫ్యాను అన్నీ వేసి ఐడిల్‌లో కొలిస్తే కారు సొంత ఖర్చే 41 వచ్చింది. బెజవాడ ఎండలో ఏసీ కట్టేయమని ఎవరికి చెప్పగలం? అంటే బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర నిలబడ్డప్పుడు ఆంపులకు మిగిలేది దాదాపు ఏమీ లేదు. ఆ కాసేపూ బ్యాటరీయే మొయ్యాలి. హైవే ఎక్కాక 40 పైన మిగులుతుంది, మామూలు పాటలకు అది చాలు. ఈ సంగతి ముందే చెప్పాను, తర్వాత మాట రాకూడదని.

"దానికి కెపాసిటర్ పెడితే సరిపోతుందటగా బాబాయ్, ఒక ఫారడ్‌ది?" అన్నాడు. వీడియోల్లో చూసినట్టున్నాడు. క్యాలెండర్ కాగితం మీదే లెక్క చూపించాను. ఒక ఫారడ్ కెపాసిటర్ 13.5 నుంచి 12.5 వోల్టులకు దిగేలోపు ఇవ్వగలిగింది 13 జౌల్స్ శక్తి. 625 వాట్లు తినే ఆంప్‌కు అది సెకనులో యాభయ్యో వంతుకు సరిపోతుంది. తర్వాత దాన్ని మళ్ళీ నింపాల్సింది కూడా ఆ ఆల్టర్నేటరే. కాసేపు ఆలోచించి, "అయితే ఆ డబ్బు వైరులో పెట్టండి" అన్నాడు. ఆ మాటతో నాకు నచ్చాడు.

పొడవు టేపుతో కొలవను. పురికొస తీసుకుని వైరు వెళ్ళాల్సిన దారంతా, మలుపులతో సహా, పరిచి గుర్తు పెట్టుకుంటాను. 5.5 మీటర్లు వచ్చింది. 4 గేజ్ రాగి, అంటే 21 స్క్వేర్ ఎంఎం, వేస్తే 77 ఆంపియర్లకు వైరులోనే 0.35 వోల్టు పోతుంది. అది 20 డిగ్రీల దగ్గరి లెక్క. రాగి వేడెక్కితే డిగ్రీకి 0.39 శాతం చొప్పున నిరోధం పెరుగుతుంది. ఎండలో నిలబెట్టిన కారులో మ్యాటు కింద 60 డిగ్రీలు అనుకుంటే 0.40 అవుతుంది. ఎర్తుకీ ఫ్యూజుకీ కలిపి మిగిలేది 0.10 మాత్రమే. ఇరుకు.

అందుకని 35 స్క్వేర్ ఎంఎం వెల్డింగ్ కేబుల్ తీసుకున్నాం. దీనికి కారు ఆడియో కొట్ల దాకా పోనక్కర్లేదు, ఆటోనగర్‌లో మీటర్ల లెక్కన కోసి ఇస్తారు. సన్నటి రాగి పోగులు వందల్లో ఉంటాయి గనక మలుపుల్లో చక్కగా వంగుతుంది. హెచ్‌ఓఎఫ్‌ఆర్ అని ముద్రున్న రకమైతే పైతొడుగు వేడికీ నూనెకీ తట్టుకుంటుంది. అల్యూమినియం వెల్డింగ్ కేబులూ అమ్ముతారు, అందుకే కొట్లోనే బ్లేడు పెట్టి గీకి చూస్తాను. కొట్టతను నవ్వుతాడు, అలవాటైపోయింది. దీంతో వైరు నష్టం 0.23, బాగా వేడెక్కినా 0.27.

ఆ లావు కేబుల్ ఆంప్ టెర్మినల్లో దూరదు. పోగులు కొన్ని కత్తిరించి దూర్చేవాళ్ళను చూశాను, అంతకన్నా సన్న వైరు వేసుకోవడం నయం. ఆంపుల పక్కన డిస్ట్రిబ్యూషన్ బ్లాకు పెట్టి, అక్కణ్ణుంచి మోనోకు 25, ఫోర్ చానల్‌కు 16 స్క్వేర్ ఎంఎం ముక్కలు, ఒక్కోటి 40 సెంటీమీటర్లు. వైరు సన్నబడిన ప్రతిచోటా ఫ్యూజ్ ఉండాలి గనక బ్లాకులోనే 60, 40 పెట్టాం, ఆంపుల సొంత ఫ్యూజుల మొత్తానికి సరిగ్గా సమానంగా. బ్యాటరీ నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో 100 ఆంపియర్ల ఏఎన్ఎల్ రకం ఫ్యూజ్. 45 సెంటీమీటర్లు దాటకూడదన్నది ఈ పనిలో అందరూ పాటించాల్సిన నియమం.

తిరిగొచ్చే దారి

కరెంటు వెళ్ళే వైరుకు ఎంతయినా ఖర్చు పెడతారు. తిరిగొచ్చే దారిని ఒక స్క్రూకు వదిలేస్తారు. ఈ కారులో 0.7 వోల్టు పోయింది అక్కడే. ఆంప్ ఎర్తును వెనక సీటు బోల్టుకు కట్టారు, కింద పెయింటు అలాగే ఉంది. బోల్టు మరలో ఎక్కడో కాస్త లోహం తగిలి కరెంటు పోతోంది, అంతే. సీటు బెల్టు బోల్టుకు కట్టేవాళ్ళు కూడా ఉన్నారు. అది ఏ పరిస్థితిలోనూ చెయ్యకూడని పని, ప్రాణం నిలబెట్టే బోల్టును సందులో వాషర్లు పెట్టి వదులు చేసినట్టే.

డిక్కీ నేల పలుచటి రేకు. దానికి సెల్ఫ్ ట్యాపింగ్ స్క్రూ కొడితే ఆరు నెలల్లో వదులవుతుంది. వెనక చక్రం గూడు పక్కన లావు రేకు రెండు పొరలుగా కలిసే చోటు ఎంచుకున్నాను. డ్రిల్లు పెట్టేముందు పిల్లాణ్ణి కారు కిందికి పంపి, డీజిల్ ట్యాంకు, పైపు, బ్రేకు పైపు ఆ చుట్టుపక్కల లేవని చూపించుకున్నాను. 8 ఎంఎం బోల్టు. రూపాయి బిళ్ళ కన్నా కాస్త పెద్ద వలయంలో ఎమరీ పేపరుతో పెయింటు, ప్రైమరు పోయి వెండిలా మెరిసేదాకా రుద్దాం. కేబుల్ చివరి థింబుల్‌ను హైడ్రాలిక్ క్రింపర్‌తో నొక్కి, స్టార్ వాషర్ వేసి, నైలాక్ నట్టుతో బిగించి, ఆ పైన పెయింటు స్ప్రే కొట్టాం. బిగించాక పెయింటు, ముందు కాదు. కృష్ణ ఒడ్డు ఊరు, గాలిలో తేమకు బయటపెట్టిన రేకు త్వరగా తుప్పు పడుతుంది. రెండు ఆంపుల ఎర్తులూ ఆ ఒక్క బోల్టుకే, ఒక్కోటి అర మీటరు లోపు.

వెనక ఎంత చక్కగా చేసినా ముందు బ్యాటరీ నెగటివ్ నుంచి బాడీకి పోయే కంపెనీ వైరు సన్నదైతే ఫలితం అక్కడ ఆగిపోతుంది. అందుకే బ్యాటరీ నుంచి బాడీకి, ఇంజన్ నుంచి బాడీకి, ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీ పాజిటివ్‌కి అదనపు వైర్లు వేశాం, పాతవి తీయకుండా, పాజిటివ్‌కు దాని ఫ్యూజ్ దానికి పెట్టి. కొత్త కార్లలో బ్యాటరీ నెగటివ్ మీద చిన్న సెన్సర్ డబ్బా ఉంటుంది. అది వచ్చే పోయే కరెంటును లెక్కపెడుతుంది. అలాంటి బండిలో అదనపు ఎర్తు నేరుగా బ్యాటరీ పోస్టుకు కాక బాడీకే కట్టాలి, లేకపోతే లెక్క తప్పుతుంది. ఈ కారుకు ఆ గొడవ లేదు.

దారి గురించి పెద్దగా చెప్పేదేం లేదు. బ్యాటరీ ఎడమ పక్కనుంది గనక పవర్ కేబుల్ గ్లవ్ బాక్స్ వెనకనున్న కంపెనీ గ్రోమెట్లోంచి ఎడమ సిల్ (తలుపు గడప) కింద, ఆర్‌సీఏ (స్టీరియో నుంచి ఆంప్‌కు పాట మోసేది), రిమోట్ (ఆంప్‌ను ఆన్ చేసేది) వైర్లు కుడి సిల్ కింద. గ్రోమెట్‌కు ముందు కేబుల్‌ను కాస్త కిందికి వంచి పైకి తెచ్చాం, వాననీళ్ళు దాని వెంట లోపలికి రాకుండా అక్కడే జారిపోతాయి. సిల్ కింద పసుపు తొడుగున్న వైర్లు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగువి. వాటిని ముట్టుకోం, మన కేబుల్‌ను వాటికి కట్టం కూడా.

కూత పోలేదు

రెండో రోజు సాయంత్రానికి పని అయింది. బేస్ అదిరింది, ఎర్ర లైటు రాలేదు. పాట ఆపాను. కూత అలాగే ఉంది, కాస్త తగ్గిందంతే.

ఇక్కడ నేనూ తప్పు చేశాను. వెనక ఎర్తు మీద నాకున్న నమ్మకంతో తప్పు ఆర్‌సీఏదే అనుకున్నాను. కుర్రాడితో కొత్త ఆర్‌సీఏ కొనిపించి, కుడి సిల్ అంతా మళ్ళీ విప్పించి మార్చాను. తేడా లేదు. గంటన్నర వృథా, పిల్లాడి ముఖం చూడలేకపోయాను. మొదటే చెయ్యాల్సిన పరీక్ష అప్పుడు చేశాను. ఆంప్ దగ్గర ఆర్‌సీఏ పీకి, ఛార్జింగ్‌లో లేని ఫోన్ను నేరుగా ఆంప్‌కు కలిపాను. నిశ్శబ్దం. అంటే ఆంపులూ, పవర్ వైరింగూ శుభ్రం. కూత కారు ముందు భాగం నుంచి, స్టీరియో వైపు నుంచి వస్తోంది.

స్టీరియో బయటికి లాగితే దాని ఎర్తు అయిన నల్ల వైరు డ్యాష్‌బోర్డు లోపలి బ్రాకెట్‌కు ఒక స్క్రూతో ఉంది. బ్రాకెట్‌కు పెయింటు. బాడీకి సరైన దారి దొరక్క స్టీరియో తన ఎర్తును ఆర్‌సీఏ వైరు పైనుండే లోహపు వల ద్వారా డిక్కీలోని ఆంప్ నుంచి తెచ్చుకుంటోంది. పాట వెళ్ళే వైరులో ఎర్తు కరెంటు పారితే ఆల్టర్నేటర్ మోత దాంతోపాటే ప్రయాణిస్తుంది. స్టీరియోకు విడిగా ఒక ఎర్తు వైరు లాగి డ్యాష్‌బోర్డు కింద బాడీ లోహానికి, పెయింటు గీకి, బిగించాం. కూత పోయింది. పాత ఆర్‌సీఏ బాగానే ఉంది గనక కొత్తదాని డబ్బు బిల్లులోంచి తీసేశాను.

మళ్ళీ అదే టోను, అంతే వాల్యూమ్. క్లాంప్‌లో 46 ఆంపియర్లు. బ్యాటరీ మీద 13.6, ఆంప్ మీద 13.3. పోయిన 0.3లో ఎర్తు వాటా 0.05. గెయిన్‌ను సగానికి పైగా తగ్గించి కొత్తగా సెట్ చేశాను. తగ్గించినా బేస్ మునుపటికన్నా గట్టిగా వస్తుంటే కుర్రాడు నాబ్ వైపు, నా వైపు మార్చి మార్చి చూశాడు.

ఒకటి మాత్రం పూర్తిగా పోలేదు. రాత్రి, ఏసీ ఫుల్, సిగ్నల్ దగ్గర ఐడిల్‌లో గట్టి బేస్ పడితే హెడ్‌లైట్లు ఇప్పటికీ కొద్దిగా మసకబారతాయి. అది వైరు చేతిలో లేని పని. పెద్ద ఆల్టర్నేటర్ వేస్తే పోతుంది, ఈ వయసు కారుకు అంత ఖర్చు వద్దని నేనే చెప్పాను. స్టీరింగ్ పక్కన బేస్ నాబ్ ఒకటి పెట్టి ఇచ్చాను, సిగ్నళ్ళ దగ్గర తగ్గించుకుంటున్నాడట.

వానలు తగ్గాక అక్టోబరులో ఒకసారి తెమ్మన్నాను, తెచ్చాడు. గ్రోమెట్ లోపల పొడిగానే ఉంది. ఏఎన్ఎల్ హోల్డర్ స్క్రూ ఒకటి పావు మర వదులైంది, బిగించాం. డిక్కీ బోల్టు కదల్లేదు. ఎర్తు మీద మీటర్ పెడితే అదే 0.05.